ఎవరన్నారు, ఎప్పుడన్నారు, మొత్తం ఏమన్నారు: గ్రూపుల్లో గొడవలు మొదలయ్యేది ఇక్కడే

పొగాకు వేలాల సీజన్‌లో ఒంగోలు, కొండపి, టంగుటూరు, పొదిలి వైపు రైతుల వాట్సాప్ గ్రూపుల్లో సాయంత్రమయ్యేసరికి ఒక మెసేజ్ పడుతుంది: ఈరోజు ఫలానా కేంద్రంలో కిలో ఇంత పలికింది. అంతే, ఇంకేం ఉండదు. వేలం కేంద్రం వాళ్లు చెప్పే లెక్కలో మూడు ధరలుంటాయి, గరిష్ఠం, కనిష్ఠం, సగటు; పేపర్లో కూడా మూడూ వేస్తారు. గ్రూపులోకి వచ్చేసరికి మొదటిది ఒక్కటే మిగులుతుంది, చూడ్డానికి అదే బాగుంటుంది కాబట్టి. "మా బేళ్లకి అంత ఎందుకు రాలేదు" అని ఒకరు, "నీది లో గ్రేడ్ అయ్యుంటుందిలే అన్నా" అని ఇంకొకరు, "నో బిడ్ అని వెనక్కి పంపిన బేళ్ల సంగతి ఎవరూ చెప్పరేంది" అని మూడో ఆయన, అక్కడి నుంచి పొగాకు బోర్డు, కంపెనీలు, పార్టీలు, చివరికి కులాలు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. మొదట పెట్టిన అంకె నిజమే. కాకపోతే మూడింటిలో ఒకటి తెచ్చి మిగతా రెండూ అక్కడే వదిలేశారు.

గ్రూపుల్లో జరిగే గొడవల్లో చాలా భాగం ఇలాంటివే. అభిప్రాయాలు కలవకపోవడం వల్ల పుట్టేవి నిజానికి తక్కువ. ఒకరి మాటని ఇంకొకరు ఎత్తి పెట్టిన తీరు వల్ల పుట్టేవి ఎక్కువ. కానీ అడ్మిన్లు మాత్రం ఎప్పుడూ అభిప్రాయాల వెంటే పడతారు. రాజకీయాలు వద్దు, మతం వద్దు, గుడ్ మార్నింగ్‌లు వద్దు అని రూల్స్ పెడతారు. ఎవరి మాటైనా తెచ్చి పెట్టేటప్పుడు ఎలా పెట్టాలో చెప్పే రూల్ ఒక్క గ్రూపులోనూ కనిపించదు, ఉండాల్సింది మాత్రం అదే.

రొయ్యల గ్రూపులు చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, ఇటు సింగరాయకొండ, కొత్తపట్నం దాకా గుంటలున్న ప్రతి ఊళ్లో రేట్ల గ్రూపు ఒకటైనా ఉంటుంది. రొయ్య ధర కౌంట్ మీద నడుస్తుంది, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో అన్నమాట. ముప్పై కౌంట్ అంటే పెద్ద రొయ్య, వంద కౌంట్ అంటే చిన్నది, రెండింటి రేట్లకీ పొంతనే ఉండదు. అలాంటి చోట "రేటు పడిపోయిందంట" అని కౌంట్ లేకుండా, ఏ రోజు రేటో లేకుండా, కంపెనీ చెప్పిందా ఏజెంట్ చెప్పాడా అన్నది లేకుండా ఒక మెసేజ్ పడితే, వైట్ స్పాట్ అనే రొయ్యల రోగం భయంతో ఇప్పటికే నిద్రలేని రైతు రేపటికి రేపే పట్టుబడి పెట్టేస్తాడు, అంటే గుంటలో రొయ్యలన్నీ పట్టించి అమ్మేస్తాడు. ఇంకో పది రోజులు ఆగితే కౌంట్ మారేదేమో. ఏజెంట్ చెప్పిన రేటులో డబ్బులు ఎన్ని రోజులకి చేతికొస్తాయన్నది కూడా కలిసి ఉంటుంది, అది కూడా గ్రూపులోకి రాదు. ఇక్కడ మాట సగం చేసినందుకు పోయేది పరువు కాదు, డబ్బు.

మాట ఎత్తి పెట్టడానికి కావాల్సినవి మూడే. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ముందూ వెనకా ఏమన్నారు. చూడ్డానికి చాలా చిన్న విషయం. కానీ ఫోన్లు ఈ మూడింటినీ కాపాడేలా తయారు కాలేదు, అందుకే తప్పంతా జనాల మీద తోసేయడం కూడా న్యాయం కాదు.

ఇంటర్నెట్ మొదటి రోజుల్లో ఈ గొడవ లేదని కాదు, అప్పుడూ ఉంది. పాత ఈమెయిల్ చర్చల్లో ఎదుటివాళ్ల లైన్ ముందు ఒక బాణం తల లాంటి గుర్తు పెట్టి, దాని కింద జవాబు రాసేవాళ్లు. 1995 అక్టోబర్‌లో నెటికెట్ (అంటే ఇంటర్నెట్ మర్యాద) మార్గదర్శకాలు అని ఒక పత్రం వచ్చింది, ఆర్‌ఎఫ్‌సీ 1855 అంటారు దాన్ని. జవాబు రాసేటప్పుడు అసలు మాటని పైన క్లుప్తంగా చెప్పండి, లేదంటే సందర్భం తెలిసేంత మేరకే ఎత్తి పెట్టండి అని అందులో ఉంది. అంటే మొత్తం ఉత్తరం తెచ్చి కింద తగిలించడమూ తప్పే, ఏమీ పెట్టకుండా "అవును, కరెక్టే" అనడమూ తప్పే. ఆ తర్వాత ఆఫీసు ఈమెయిళ్లు వచ్చి జవాబు పైన, పాత ఉత్తరాల తోక అంతా కింద అనే పద్ధతి అలవాటు చేసేశాయి, ఆ తోకని ఎవరూ చదవరు. ఏ లైన్‌కి ఏది జవాబో కనబడే పద్ధతి అక్కడే పోయింది.

వాట్సాప్‌లో ఒక మెసేజ్‌ని పట్టుకుని దానికే రిప్లై ఇచ్చే సౌకర్యం 2016లో వచ్చింది. మంచి సౌకర్యమే, కానీ అది మెసేజ్‌ని మొత్తంగా పట్టుకుంటుంది, పైన కనిపించేది మొదటి కొన్ని లైన్లే. ఒకాయన నాలుగు విషయాలు కలిపి పెద్ద మెసేజ్ పెట్టాడనుకోండి, నీళ్లు ఎప్పుడొదులుతారు, సొసైటీలో యూరియా వచ్చిందా, గుడి చందా ఎంత, ఎమ్మెల్యే గారు ఎప్పుడొస్తారు. దానికి ఎవరో రిప్లై కొట్టి "ఇది పచ్చి అబద్ధం" అంటారు. ఏది అబద్ధం? పైన కనిపించేది నీళ్ల సంగతి, ఆయన అన్నది చందా గురించి. చదివినవాళ్లలో సగం మంది కాలవ గురించి కొట్టుకుంటారు. టెలిగ్రామ్‌లో 2023 అక్టోబర్ నుంచి మెసేజ్‌లో కావాల్సిన ముక్క వరకే ఎంచుకుని దానికే జవాబిచ్చే వీలుంది. మనవాళ్లలో ఎక్కువమంది ఉన్నది వాట్సాప్‌లో కాబట్టి చేయగలిగింది ఒకటే, ఆ ఒక్క లైన్ కాపీ చేసి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి దాని కింద జవాబు రాయడం. పది సెకన్ల పని, కానీ ఎవరూ చేయరు.

వాయిస్ మెసేజ్‌లు వచ్చాక ఇది ఇంకా ముదిరింది. టైప్ చేయడం కష్టమనుకునే పెద్దవాళ్లకి అది నిజంగా వరమే. కానీ వాయిస్‌కి రిప్లై కొడితే పైన కనబడేది మైకు బొమ్మ, అది ఎంతసేపు ఉందన్న లెక్క, అంతే. నాలుగు నిమిషాల వాయిస్ ఎంతమంది పూర్తిగా వింటారు? ఒకరు విని "బాబాయ్ ఏమంటున్నాడంటే" అని రెండు ముక్కల్లో చెప్తారు, మిగతా గ్రూపంతా ఆ రెండు ముక్కల మీదే మాట్లాడుతుంది. బాబాయ్ సాయంత్రం ఫోన్ తీసి చూసి, నేనట్లా ఎప్పుడన్నానప్పా అని ఇంకో నాలుగు నిమిషాల వాయిస్ పెడతాడు. దీనికి మందు లేకపోలేదు. వాయిస్ పెట్టినాయనే కింద ఒక్క లైన్ టైప్ చేయడం, లేదా అడ్మిన్ విని ఆ లైన్ రాసి "బాబాయ్, ఇంతేనా మీరన్నది" అని అడగడం. ఆ మాట బాబాయ్ ఒప్పుకున్నాకే ఎవరైనా దాన్ని ఎత్తి పెట్టాలి.

ఇక తేదీ. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తుఫాను వచ్చిన ప్రతిసారీ పాత సెలవు మెసేజ్ ఒకటి లేచి కూర్చుంటుంది: రేపు జిల్లాలోని అన్ని స్కూళ్లకి కలెక్టర్ గారు సెలవు ప్రకటించారు. రేపు అంటే ఏ రేపు? మెసేజ్‌లో తేదీ లేదు. పిల్లలు సంబరపడతారు, అమ్మలు టిఫిన్ బాక్స్ కట్టడం మానేస్తారు, పొద్దున్నే స్కూల్ బస్సు వచ్చి హారన్ కొడుతుంది. నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ ఇదే తీరు వరదలప్పుడు నవ్వే విషయం కాదు. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు పక్కనే పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, అక్కడే జాతీయ రహదారి కూడా కోసుకుపోయి చెన్నై, విజయవాడ దారి తెగిపోయింది. అలాంటి రాత్రుల్లో సోమశిల డ్యాం నుంచి ఎంత వదులుతున్నారు అన్నది గంట గంటకీ మారుతుంది. "ఇప్పుడే తెలిసింది, ఇంకో రెండు గంటల్లో నీళ్లు ఊళ్లోకి వస్తాయంట" అన్న మెసేజ్ మూడు గ్రూపులు తిరిగి నాలుగో గ్రూపుకి వచ్చేసరికి ఆ రెండు గంటలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి, కానీ చదివేవాళ్లకి అది అప్పుడే మొదలైనట్టు ఉంటుంది. మరుసటి ఏడాది వానలకి అదే మెసేజ్ మళ్లీ తిరిగితే ఇంకా ఘోరం. ఈరోజు, రేపు, ఇప్పుడే అన్న మాటలు ఇంకొకరి మెసేజ్‌లోంచి ఎత్తేటప్పుడు తేదీగా, టైముగా మార్చి రాయాలి. గ్రూపు రూల్స్‌లో ఒక్కటే రూల్ పెట్టుకునే వీలుంటే ఇదే పెట్టుకోవాలి, గుడ్ మార్నింగ్‌ల నిషేధం ఆ తర్వాత చూసుకోవచ్చు.

సగం మాట ఎంత దూరం పోతుందో నెల్లూరు జిల్లా దేశానికే చూపించింది. 2021 మే నెల, కరోనా రెండో వేవ్. ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడు కరోనాకి ఇస్తున్న మందు గురించి వీడియోలు ఫోన్లలో తిరిగాయి, పక్క జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి కూడా జనం వేలల్లో వచ్చి పడ్డారు, అంబులెన్సుల్లో వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి మందు మీద పరిశీలన చేయించింది. ఆయుర్వేదం లాంటి దేశీ వైద్యాలు చూసే ఆయుష్ శాఖ అధికారులు చెప్పినదాంట్లో రెండు ముక్కలున్నాయి: ఇందులో హాని చేసే పదార్థాలు కనబడలేదు అనేది ఒకటి, దీన్ని ఆయుర్వేద మందుగా లెక్కలోకి తీసుకోలేం అనేది రెండోది. మే 31న అనుమతి ఇచ్చినప్పుడు కూడా ఇలాగే: వాడితే హాని లేదు, కానీ దీనితో కరోనా తగ్గుతుందని ఆధారాలు లేవు, డాక్టర్లు రాసిన మందులు ఆపొద్దు, కంట్లో వేసే చుక్కలకి మాత్రం ఇప్పుడు అనుమతి లేదు.

చూశారా, ఒక్క ప్రకటనలో నాలుగు ముక్కలు. మందు మీద నమ్మకం ఉన్నవాళ్ల చేతిలో పడితే ఇది "ప్రభుత్వం ఓకే చేసేసింది" అయింది. నమ్మకం లేనివాళ్ల చేతిలో పడితే "ఆధారాలు లేవని సర్కారే తేల్చేసింది" అయింది. రెండూ ఆ ప్రకటనలోనివే, రెండూ అబద్ధం కావు, రెండు వైపులవాళ్లూ అధికారుల మాటే చూపించి ఎదుటివాళ్లని తిట్టుకున్నారు. డాక్టర్లు రాసిన మందులు ఆపొద్దు అన్న ముక్కని మాత్రం ఎవరూ ఎత్తుకోలేదు, అది ఏ వైపుకీ పనికిరాదు కాబట్టి. మంచం మీద ఉన్న మనిషికి నిజంగా పనికొచ్చే ముక్క అదొక్కటే. ఆ రోజుల్లో ఏ గ్రూపు అడ్మిన్ అయినా మందు మంచిదా కాదా అని తీర్పు చెప్పాల్సిన పని లేదు, చెప్పేంత చదువూ వాళ్లకి ఉండదు. ఆ ప్రకటన మొత్తం తెచ్చి గ్రూపులో పెట్టి, మాట్లాడేవాళ్లు దీంట్లోంచే మాట్లాడండి అంటే సరిపోయేది.

మాట ఎత్తి పెట్టడం వేరు, ఫార్వర్డ్ చేయడం వేరు. ఎత్తి పెట్టినప్పుడు కనీసం ఎవరిదో తెలుస్తుంది. ఫార్వర్డ్‌లో "ఫార్వర్డ్ చేయబడింది" అన్న ముద్ర తప్ప మొదట ఎవరు రాశారో ఎక్కడా ఉండదు. వాట్సాప్ ఆ ముద్ర వేయడం మొదలుపెట్టింది 2018లో, పుకార్లు నమ్మి జనం అమాయకుల్ని కొట్టి చంపిన ఘటనలు దేశంలో వరసగా జరిగినప్పుడు. ఆ ఏడాదే మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకి మించి పంపకుండా కట్టడి పెట్టింది. బాగా చేతులు మారిన మెసేజ్‌కి రెండు బాణాల గుర్తు తర్వాత వచ్చింది, 2020 ఏప్రిల్ నుంచి అలాంటివి ఒకసారికి ఒక్క చాట్‌కే పోతాయి. ఇవన్నీ వేగం తగ్గించే పనులు. కాపీ చేసి పేస్ట్ చేస్తే ఏ ముద్రా పడదు, ఆ సంగతి పుకార్లు పుట్టించేవాళ్లకి అందరికన్నా ముందే తెలుసు.

"వచ్చింది వచ్చినట్టు పంపుతున్నా, నిజమో కాదో తెలీదు" అన్న లైన్ ఒకటి తగిలిస్తారు కొందరు. ఇది మర్యాదలాగా కనిపిస్తుంది కానీ మర్యాద కాదు, బాధ్యత దులుపుకోవడం. తెలీనప్పుడు పంపకుండా ఉండొచ్చు కదా. పంపక తప్పదనిపిస్తే ఎవరు పంపారో, ఎప్పుడు వచ్చిందో రెండు ముక్కలు రాస్తే చాలు, చదివేవాళ్లు తూకం వేసుకుంటారు. అబ్దుల్ కలాం ఫొటో పక్కన ఆయన ఎప్పుడూ అనని మాట పెట్టి తిప్పేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. అవి మంచి మాటలే అయినా సరే, ఆయనవి కానప్పుడు ఆయన పేరు ఎందుకు.

స్క్రీన్‌షాట్ సంగతి వేరే. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, నలభై ఏళ్ల స్నేహితుల మధ్య, ఒకాయన తన బావమరిది గురించి చనువుగా ఏదో అంటాడు. దాన్ని ఫొటో తీసి ఇంకొకరు ఊరి గ్రూపులో వేస్తారు, అక్కడ బావమరిదీ ఉంటాడు. మాట మారలేదు, అక్షరం కూడా మారలేదు, విన్నవాళ్లు మారారు. గ్రూపు అంటేనే ఫలానా వాళ్ల ముందు మాట్లాడుతున్నాం అన్న నమ్మకం, ఆ నమ్మకం తెగితే మళ్లీ ఎవరూ మనసులో మాట రాయరు, గ్రూపులో మిగిలేవి పుట్టినరోజు శుభాకాంక్షలూ దండం బొమ్మలే. బయటికి తీసుకెళ్లాలంటే అన్నవాళ్లని అడగాలి, లేదా పేరూ నంబరూ చెరిపి విషయం వరకే తీసుకెళ్లాలి. తీసేసిన మెసేజ్ కూడా పూర్తిగా పోదని చాలామందికి తెలియదు. పెట్టినాయన రెండు రోజుల లోపు అందరికీ కనబడకుండా తీసేయొచ్చు, కానీ అప్పటికే ఎవరైనా దానికి రిప్లై కొట్టి ఉంటే ఆ రిప్లై పైన ఆ ముక్క అలాగే ఉండిపోతుంది. కోపంలో రాసి, నాలుక కరుచుకుని తీసేసిన మాటని రిప్లై రూపంలో వేలాడదీసి ఉంచడం అవతలి మనిషిని కావాలని ఇరికించడమే. ఆయన తీసేశాడంటే మన రిప్లై కూడా తీసేయడం మర్యాద.

చట్టం ఏం చెప్తుందన్న టెన్షన్ అడ్మిన్లకి ఎక్కువ. ఎవరో ఏదో పెడితే పోలీసులు అడ్మిన్‌ని తీసుకుపోతారు అన్న భయంతోనే చాలామంది రాత్రికి రాత్రి అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చేస్తుంటారు. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో ఈ విషయం మీద తీర్పులిచ్చాయి. రెండింటి సారం ఒకటే: సభ్యుడు పెట్టిన తప్పుడు పోస్టుకి, అడ్మిన్ అయినంత మాత్రాన ఆయన నేరస్తుడు కాడు. ఇద్దరూ ముందే అనుకుని చేస్తే సంగతి వేరని బొంబాయి తీర్పు చెప్పింది. ఇవి వేరే రాష్ట్రాల హైకోర్టులు కాబట్టి మన దగ్గర పూచీకత్తు అనుకోలేం కానీ, భయం కాస్త తగ్గించుకోవచ్చు. ఈ తీర్పులు అడ్మిన్ నేరం గురించే కానీ అడ్మిన్ పని గురించి కాదు. కేసు కాదు కదా అని చేతులు ముడుచుకుని కూర్చుంటే గ్రూపు బాగుపడదు.

ఎత్తి పెట్టడానికి హద్దు చట్టంలోనూ ఉంది, అది వేరే వైపు నుంచి. పొద్దున్నే పేపర్ మొత్తం పీడీఎఫ్ తెచ్చి గ్రూపులో వేయడం సేవ అనుకుంటారు. 2020లో ఒక పత్రిక కంపెనీ వేసిన కేసులో, ఈ-పేపర్లు అలా పంచుతున్న టెలిగ్రామ్ ఛానెళ్లని తీసేయమని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 1957 కాపీరైట్ చట్టం విమర్శకీ సమీక్షకీ న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. అంటే వార్తలోంచి రెండు లైన్లు తీసి, ఏ పేపరో ఏ తేదీదో రాసి దాని మీద మాట్లాడొచ్చు, పేపర్ అంతా పంచిపెట్టడానికి అది లైసెన్సు కాదు.

మన దగ్గర అడ్మిన్‌కి అసలు చిక్కు చట్టంతో కాదు, వరసలతో. తప్పుడు మెసేజ్ పెట్టింది పెదనాయన. అందరి ముందూ "పెదనాయనా, ఇది ఫేక్" అంటే ఆయన ఊరుకున్నా పెద్దమ్మ ఊరుకోదు, పండక్కి ఇంటికెళ్తే ముఖం తిప్పుకుంటారు. అందుకని అడ్మిన్ చూసీ చూడనట్టు పోతాడు, మెసేజ్ మాత్రం ఇంకో ఐదు గ్రూపులకి పోతుంది. ఫేక్‌ని పట్టుకోవడం ఎలాగో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, పట్టుకున్నాక మామయ్యకి ఎలా చెప్పాలో చెప్పేది ఒక్కటీ లేదు. పనికొచ్చే పద్ధతి ఒకటుంది: మనిషి మెసేజ్‌కి రిప్లై కొట్టకుండా, విడిగా, సరైన సమాచారం తేదీతో సహా పెట్టడం. "తుఫాను సెలవు గురించి: ఈరోజు కలెక్టర్ ఆఫీసు ప్రకటన ఇదండీ." అంతే. ఎవరినీ ఎత్తి చూపినట్టు కాదు, గ్రూపుకి కావాల్సింది అందుతుంది. ఆ తర్వాత పెదనాయనకి విడిగా ఫోన్ చేసి "మీరు పంపింది పోయినేడాదిదంట పెదనాయనా, తీసేద్దామా" అంటే ఆయనే తీసేస్తారు, లేదా తీయడం రాదు నువ్వే తీసేయరా అంటారు. వాట్సాప్‌లో 2022 నుంచి అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా తీసేయగలడు. ఒప్పుకోలుతో తీస్తే గొడవే లేదు.

ఒప్పుకోలు లేకుండా తీయాల్సి వస్తే మాత్రం కారణం రాయాలి. తీసేసిన చోట అడ్మిన్ తొలగించారు అన్న గుర్తు మిగులుతుంది, ఆ ఖాళీ చుట్టూ పది ఊహలు అల్లుకుంటాయి. ఫలానా పార్టీ వాడు కాబట్టి తీసేశారు అంటారు. "పేరూ తేదీ లేని ధర కాబట్టి తీశాం, అవి రాసి మళ్లీ పెట్టండి" అని ఒక్క లైన్ ఉంటే ఆ అవకాశం ఉండదు. అభిప్రాయం చూసి తీసే అడ్మిన్‌ని జనం ఎప్పటికీ నమ్మరు. తెచ్చిపెట్టిన మాట సగంగా ఉందని తీసే అడ్మిన్‌ని తిట్టుకుంటూనైనా నమ్ముతారు, ఎందుకంటే ఆ కొలత రెండు వైపులకీ ఒకటే. తన పార్టీ నాయకుడి ప్రసంగంలో ముప్పై సెకన్ల ముక్క పెట్టినవాడికీ, ఎదుటి పార్టీ నాయకుడిది పెట్టినవాడికీ "పూర్తి వీడియో లింకు ఇవ్వండి" అన్న మాట ఒకటే అయినప్పుడు, మెల్లగా రెండు వైపులవాళ్లూ ముక్కలు తేవడం తగ్గిస్తారు.

తెలుగు వికీపీడియాలో చర్చలు జరిగే చోటుకి రచ్చబండ అని పేరు. అక్కడి పద్ధతి గ్రూపులకి పూర్తిగా కుదరదు కానీ చూడదగ్గది: రాసిన ప్రతిదాని కింద సంతకం, తేదీ, టైము పడాలి, ఎవరికి జవాబిస్తున్నారో తెలిసేలా కొంచెం లోపలికి జరిపి రాయాలి, ఇంకొకరు రాసిన మాటని దిద్దకూడదు, అక్షర దోషమైనా సరే. పాత చర్చలు తీసేయరు, భద్రపరుస్తారు, మూడేళ్ల కిందటి గొడవలో ఎవరేమన్నారో ఇప్పటికీ వెళ్లి చూసుకోవచ్చు. అలాంటి చోట సగం మాట తెచ్చి తప్పించుకోవడం కష్టం, పూర్తి మాట ఒక నొక్కు దూరంలోనే ఉంటుంది కాబట్టి. వాట్సాప్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొన్నటి దాకా పాతది ఒక్క ముక్క కూడా కనిపించేది కాదు, ఇప్పటికీ గ్రూపు చరిత్ర అంతా ముందేసుకుని చూసే వీల్లేదు. "ఆ రోజు నువ్వేమన్నావో గుర్తుందా" అన్న గొడవలు అక్కడ తెగకపోవడానికి అదొక కారణం.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం కూడా కొంత చెరుపు చేస్తుంది, ఎత్తిపొడుపుగా అన్నది సీదాగా అన్నట్టు, అడిగింది చెప్పినట్టు కనబడుతుంది. "వస్తాడు" అన్నది ప్రశ్నో జవాబో చివర గుర్తు లేకపోతే దేవుడికే ఎరుక. ఎత్తి పెట్టేవాళ్లు దాన్ని తెలుగులోకి మార్చి రాస్తే అక్కడ ఇంకో కొత్త అర్థం చేరుతుంది. ఉన్నది ఉన్నట్టే పెట్టడం మంచిది, తప్పులతో సహా.

అడ్మిన్‌కి సొంత లాభం ఉన్న గ్రూపుల గురించి కూడా చెప్పుకోవాలి. రేట్ల గ్రూపుకి అడ్మిన్ మేత అమ్మే డీలరో, రొయ్య కొనే ఏజెంటో అయి ఉండటం మామూలే, ఊళ్లో అందరి నంబర్లూ ఉండేది వాళ్ల దగ్గరే. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. కానీ వేరే కంపెనీ రేటు ఎవరైనా పెట్టినప్పుడు దాన్ని తీసేసే అధికారం, ఆ రేటు వల్ల నష్టపోయే మనిషి చేతిలో ఉండకూడదు. అపార్ట్‌మెంట్ గ్రూపులో మెయింటెనెన్స్ లెక్కలడిగితే అడ్మిన్‌గా ఉన్న సెక్రటరీనే ఆ మెసేజ్ తీసేయడమూ ఇదే బాపతు. కనీసం ముగ్గురు అడ్మిన్లు, అందులో ఒకరు ఆ వ్యాపారంతో సంబంధం లేని మనిషి, ఊళ్లో అయితే రెండు పార్టీల వైపు నుంచీ ఒక్కొక్కరు, తన మెసేజ్ మీద వచ్చిన అభ్యంతరాన్ని తాను కాకుండా మిగతా ఇద్దరు చూడటం. ఎన్నికలప్పుడు నోరు కట్టేసి అడ్మిన్లే రాసేలా పెట్టుకున్నా, ఏ తేదీ దాకానో ముందే రాసి, ఆ తేదీకి తెరవాలి. కట్టేసిన గ్రూపులు ఫలితాలు వచ్చి నెలలైనా తెరుచుకోనివి చాలా ఉన్నాయి, తెరిస్తే ఏం గొడవో అని. ఈలోగా జనం అడ్మిన్ లేని ఇంకో గ్రూపు పెట్టుకుని అక్కడ మాట్లాడుకుంటుంటారు. అడ్మిన్ లేని గ్రూపు అని వాళ్లనుకుంటారు గానీ అలాంటిది వాట్సాప్‌లో ఉండదు. ఉన్న ఒక్క అడ్మిన్ విసుగొచ్చి వెళ్లిపోతే, సభ్యుల్లో ఎవరో ఒకరిని యాప్ తనంతట తానే అడ్మిన్‌ని చేసేస్తుంది. ఆ మనిషి పదిహేను రోజులకోసారి ఫోన్ చూసే ఎవరి మామయ్యో అయ్యుండొచ్చు, తనకా పదవి వచ్చిందని ఆయనకి ఎవరైనా చెప్తేగానీ తెలియదు.